ఓడిన ప్రతిసారీ ఏడ్చే పిల్లాడిని ఆట మాన్పించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకి 10 ఏళ్లు. రెండేళ్లుగా బ్యాడ్మింటన్ నేర్చుకుంటున్నాడు. గత నాలుగు టోర్నమెంట్లలోనూ మొదటి రౌండులోనో రెండో రౌండులోనో ఓడిపోయాడు. ఓడిన ప్రతిసారీ రాకెట్ విసిరేసి, ఏడ్చి, ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుని, మర్నాడు "నేనింక ఆడను" అంటున్నాడు. ఆటలాడితే పిల్లలు గట్టిపడతారని అందరూ చెబితే చేర్పించామని, మీవాడు మాత్రం మునుపటికన్నా సున్నితంగా తయారయ్యాడని రాశారు. మాన్పించేద్దామని మీరంటున్నారు. ఇప్పుడు మాన్పిస్తే కష్టమొచ్చినప్పుడల్లా తప్పుకోవడం అలవాటవుతుందని వాళ్ల నాన్నగారు అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

21 ఏళ్లుగా పిల్లలకి బ్యాడ్మింటన్ నేర్పుతున్నాను, ఎక్కువగా 8 నుంచి 14 ఏళ్లలోపు వాళ్లకి. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడే మాన్పించకండి. బలవంతంగానూ పంపకండి. రెండు నెలలు ఒక్క విషయం గమనించండి, ఆ తర్వాత తేల్చుకోవచ్చు. ఏడుస్తున్నాడా లేదా అని చూడకండి. ఏడ్చాక మళ్లీ మామూలు కావడానికి ఎంతసేపు పడుతోందో చూడండి.

దీన్ని నేను తేరుకునే సమయం అంటాను. మ్యాచ్ మధ్యలో ఒక తేలికైన షాట్‌ని నెట్‌కి కొట్టేశాక, మళ్లీ తన ఆట తను ఆడటానికి ఎన్ని పాయింట్లు పడుతోంది? కొందరు పిల్లలకి ఒక తప్పు జరిగితే వరసగా ఐదారు పాయింట్లు పోతాయి. మ్యాచ్ అయ్యాక మంచినీళ్లు తాగి, తలెత్తి ఎవరితోనైనా మామూలుగా మాట్లాడటానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? తర్వాతి ప్రాక్టీసులో షూస్ వేసుకునేటప్పుడు ఎంత సతాయిస్తున్నాడు? ఈ మూడూ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. పిల్లాడికి చూపించక్కర్లేదు.

కొన్నేళ్ల కింద నా దగ్గరికి 9 ఏళ్ల పాప వచ్చేది. ఓడిపోతే బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకునేది. తలుపు బయట వాళ్లమ్మ, నేను, ఒక్కోసారి అవతల గెలిచిన పాప కూడా నిలబడి పిలిచేవాళ్లం. మొదట్లో నలభై నిమిషాలు పట్టేది. ఎనిమిది నెలలయ్యాక వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి, "ఏం లాభం సార్, ఇంకా ఏడుస్తూనే ఉంది" అన్నాడు. వాళ్లమ్మ రాసిన నోట్‌బుక్ తెప్పించి చూపించాను. ఏడుపు అలాగే ఉంది. కానీ కిందటి మూడు ఓటముల్లో పది నిమిషాలు దాటలేదు. ఆఖరిసారి ఏడ్చి, ముఖం కడుక్కుని, తన స్నేహితురాలి మ్యాచ్ చూడటానికి కోర్టు పక్కకి వచ్చి కూర్చుంది. నలభై నిమిషాలు పది నిమిషాలైతే ఆ పిల్ల ఎంత ఎదిగిందో ఆలోచించండి. కానీ ఏడుపునే చూస్తున్న ఆ తండ్రికి అది కనబడలేదు.

గట్టితనం అంటే చలించకపోవడమని చాలామంది అనుకుంటారు. 10 ఏళ్ల పిల్లాడు ఇష్టమైన ఆటలో ఓడి కూడా చలించకపోతే నాకు భయమేస్తుంది. వాడికి ఆట మీద ఇష్టమైనా పోయి ఉండాలి, బాధ బయటపెడితే తిడతారని దాచుకోవడమైనా నేర్చుకుని ఉండాలి. మీవాడు ఏడుస్తున్నాడంటే ఆ ఆట వాడికి ఇంకా ముఖ్యమే. ఇది మంచి సంగతి. రాకెట్ విసరడం వేరే విషయం, దాని గురించి తర్వాత చెబుతాను.

"ఆటలాడితే పిల్లలు గట్టిపడతారు" అన్న మాట సగమే నిజం. ఒకే టీమ్‌లో, ఒకే ఓటమి తర్వాత, ఒక పిల్లాడు మర్నాడు అరగంట ముందే ప్రాక్టీసుకి వస్తాడు, ఇంకొకడు ఆ నెలలోనే మానేస్తాడు. ఇద్దరికీ ఆట ఒకటే. ఓటమి తర్వాత పక్కనున్న పెద్దవాళ్లు వేరు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటి కష్టాలు అనేకం ఒకేసారి మీద పడిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది నిలదొక్కుకుని, మంచి మనుషులుగా ఎదిగారు. వాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం, తమని ఉన్నదున్నట్టుగా ఇష్టపడే పెద్దమనిషి కనీసం ఒక్కరు వాళ్ల జీవితంలో ఉండటం. అమ్మానాన్నలే అక్కర్లేదు. తాత, అమ్మమ్మ, టీచరు, ఎవరైనా. మంచి కోచ్ అలాంటి మనిషి కాగలడు. పాయింట్ల పట్టిక చూసి పిల్లాడితో మాట్లాడే కోచ్ కాలేడు. తల్లిదండ్రుల సంగతీ అంతే.

కాబట్టి ఓటమి తర్వాతి గంట గురించి కాస్త ఎక్కువ చెబుతాను. నా అనుభవంలో పనంతా అక్కడే ఉంది.

మా అమ్మాయి కూడా ఆడేది. తనకి 11 ఏళ్లప్పుడు ఒక మ్యాచ్‌లో మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో ఆధిక్యంలో ఉండి కూడా ఓడిపోయింది. ఇంటికి తీసుకొస్తూ దారంతా నేను విశ్లేషించాను. బ్యాక్‌హ్యాండ్ వైపు ఎందుకు నిలబడిపోయావు, అలసిపోయినప్పుడు డ్రాప్ ఎందుకు ఆడావు, ఆ అమ్మాయి సర్వీస్ ముందే కనిపెట్టాల్సింది కదా. నేను కోచ్‌ని, చెప్పినవన్నీ సరైనవే. తను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక వాళ్లమ్మతో, "మ్యాచ్ ఓడినందుకు కాదమ్మా, నాన్నతో ఇంటికి రావాలంటే భయమేసింది" అందట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇన్ని వందల మంది పిల్లల్ని ఓదార్చినవాణ్ని, సొంత బిడ్డకి ఓటమి కంటే పెద్ద భయంగా మారాను. ఆ తర్వాత నేను ఒక నియమం పెట్టుకున్నాను, నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులందరికీ చెబుతున్నాను: ఇంటికెళ్లే దారిలో ఆట గురించి మీరు మొదలుపెట్టకూడదు.

దీనికి కారణం కూడా ఉంది. మ్యాచ్ అయ్యాక పిల్లాడి శరీరం ఇంకా పోటీలోనే ఉంటుంది. గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, ఒళ్లు వేడిగా ఉంటుంది, పైగా అవమానం. అలాంటప్పుడు మనం చెప్పే సలహా బుర్రలోకి వెళ్లదు, మన గొంతులోని నిరాశ మాత్రం వెళ్తుంది. అందుకని ఆ గంటలో చేయాల్సినవి చాలా చిన్నవి. నీళ్లివ్వండి. తువ్వాలు ఇవ్వండి. పక్కన కూర్చోండి. ఏడవనివ్వండి. అవసరమైతే ఒకే ఒక్క మాట అనండి: "నువ్వు ఆడుతుంటే చూడటం నాకు ఇష్టం." గెలిచినా ఇదే మాట, ఓడినా ఇదే మాట అనాలి. గెలిచిన రోజు ఎగిరి గంతేసి, ఓడిన రోజు మాత్రం ఈ మాట అంటే, పిల్లలు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.

"పర్లేదులే, ఆటే కదా" అనకండి. మనం ఓదార్పు అనుకుంటాం గానీ, వాడికి ముఖ్యమైనది మనకి ముఖ్యం కాదని చెప్పినట్టవుతుంది. "అంపైర్ తప్పు కాల్ ఇచ్చాడు, లేకపోతే గెలిచేవాడివే" అని కూడా అనకండి. ఆ పూటకి బాధ తగ్గుతుంది. కానీ ఓడినప్పుడల్లా బయట ఎవరో ఒకరు కారణమని నేర్చుకున్న పిల్లాడు తన ఆటలో మార్చుకోవాల్సింది ఏముందని అనుకుంటాడు? అలాగే "ఆ అబ్బాయిని చూడు, నీ తర్వాత చేరాడు" అన్న పోలిక. దీని గురించి ఎక్కువ చెప్పను. మనం చిన్నప్పుడు ఈ మాట వినే పెరిగాం, అదెలా ఉంటుందో మనందరికీ తెలుసు.

వాడంతట వాడు నోరు విప్పినప్పుడు, అది ఆ రాత్రి కావచ్చు, రెండు రోజుల తర్వాత కావచ్చు, అప్పుడు అడగండి. "ఎందుకు ఓడిపోయావ్?" అని అడిగితే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "నీకు ఎక్కడ కష్టంగా అనిపించింది?", "ఏ పాయింటు నీకు బాగా నచ్చింది?", "మళ్లీ అతనితోనే ఆడితే ఏం మార్చి చూస్తావ్?" ఈ మూడిట్లో ఏ ఒక్కటి అడిగినా చాలు. జవాబు తప్పయినా సరిదిద్దకండి. తన ఓటమిని తను విప్పి చూసుకోవడం వాడికి అలవాటు కావాలి. సరిదిద్దడానికి కోచ్ ఉన్నాడు.

ఇంకో పని చేయండి. ఓ తీరిక పూట కాగితం మీద 32 మంది ఆడే నాకౌట్ డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక గీయండి, బాబుతోనే గీయించండి. మొదటి రౌండు అయ్యేసరికి ఎంతమంది ఇంటికెళ్తారు? 16 మంది, అంటే సగం మంది. రెండో రౌండుతో కలిపి 24 మంది. ఆ రోజు ఓడకుండా ఇంటికెళ్లేది ఒక్కరే, మిగిలిన 31 మందీ ఓడి వెళ్లేవాళ్లే. నేను ఇది గీసి చూపించినప్పుడు పిల్లల ముఖాలు మారడం చాలాసార్లు చూశాను. తనొక్కడే ఓడుతున్నానని, మిగతావాళ్లందరూ ఎక్కడో గెలుస్తున్నారని వాళ్ల ఊహ. డ్రా షీట్ ఆ ఊహని తుడిచేస్తుంది.

టెన్నిస్‌లో రోజర్ ఫెదరర్ 2024లో ఒక కాలేజీ పట్టభద్రుల సభలో తన లెక్క తానే చెప్పాడు. 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచాడు. పాయింట్లు మాత్రం 54 శాతమే గెలిచాడు. ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడు, ఆడిన పాయింట్లలో దాదాపు సగం పోగొట్టుకున్నాడు. పోయిన పాయింటుని అక్కడే వదిలేసి తర్వాతి పాయింటుకి రావడం నేర్చుకున్నాడు కాబట్టే మిగతాది సాధ్యమైంది. మన ఆటలోనే చూస్తే, పి.వి.సింధు 2017లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు ఆడి ఓడింది. 2018లో మళ్లీ ఫైనల్‌కి వచ్చి మళ్లీ ఓడింది. 2019లో మూడోసారి ఫైనల్ ఆడి 21-7, 21-7తో గెలిచింది. అవతల నిలబడ్డది 2017లో తనని ఓడించిన నొజోమి ఒకుహరానే. ఈ కథ బాబుకి చెప్పండి. కానీ "నువ్వూ అలా ఉండాలి" అని చివర తగిలించకండి. కథ చెప్పి వదిలేయండి, వాడికి కావాల్సింది వాడే తీసుకుంటాడు.

మెచ్చుకోవడం గురించి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి ఈడు పిల్లలతో చేసిన ప్రయోగాలు చాలా పేరుపొందాయి. ఒక బొమ్మల పజిళ్ల సెట్ చేయించి, కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, ఇంకొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కఠినమైన సెట్ ఇచ్చారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు త్వరగా చేతులెత్తేశారు, మళ్లీ తేలికైన సెట్ ఇస్తే అందులో కూడా వెనకబడ్డారు. తమ మార్కులు రాయమన్నప్పుడు ఎక్కువ చేసి రాసుకున్నది కూడా ఆ గుంపులోనే ఎక్కువ మంది. "మావాడు పుట్టు ఆటగాడు", "నీ చేతిలో ఏదో ఉందిరా" అనే మాటలు ఇలాగే పనిచేస్తాయి. గెలిచినంత కాలం తియ్యగా ఉంటాయి, ఓడగానే "అయితే నాలో అది లేదన్నమాట" అనిపిస్తాయి.

అలాగని "బాగా కష్టపడ్డావు" అని ఊరికే అనేయడం కూడా సరికాదని నా అభిప్రాయం. ఒకే తప్పు గంటసేపు కష్టపడి చేసిన పిల్లాడికి ఆ మాట చెబితే వాడికి ఏ దారీ దొరకదు. చూసి, ప్రత్యేకంగా చెప్పండి. "రెండో గేమ్‌లో వెనకబడ్డాక సర్వీస్ పొట్టిగా వేయడం మొదలుపెట్టావు, నేను గమనించాను." అలా చెప్పాలంటే మీరు మ్యాచ్ చూసేటప్పుడు స్కోరు మీద కాకుండా పిల్లాడి మీద కళ్లు పెట్టాలి.

ఇప్పుడు కోచ్ చేయాల్సిన పని. మీరు వెళ్లి వాళ్ల కోచ్‌తో మాట్లాడండి. ఓటమిని తట్టుకోవడం టోర్నమెంట్ రోజున నేర్చుకునేది కాదు. ప్రాక్టీసులో చిన్న చిన్న మోతాదుల్లో అలవాటు చేయాలి. నేను వారానికి ఒకసారి పిల్లాడిని 8 పాయింట్లు వెనకబడిన స్కోరుతో గేమ్ మొదలుపెట్టిస్తాను. గెలవక్కర్లేదు, తేడాని 4కి తగ్గిస్తే అది వాడి విజయం. ఇంకోరోజు నేనే అంపైర్‌గా ఉండి కావాలని రెండు మూడు తప్పు కాల్స్ ఇస్తాను. అవి వస్తాయని పిల్లలకి ముందే చెబుతాను, ఎప్పుడో మాత్రం చెప్పను. ఆ కాల్ తర్వాతి పాయింటు ఎలా ఆడారన్నదే ఆ రోజు లెక్క. మొదటిసారి గొడవ చేస్తారు. నాలుగోసారికి ఒకరినొకరు చూసుకుని నవ్వుకుని సర్వీస్‌కి వెళ్లిపోతారు.

రాకెట్ విసరడానికి మందు ఇక్కడే ఉంది. "కోపం తెచ్చుకోకు" అంటే పిల్లాడికి ఏం చేయాలో తెలియదు. చేతికి ఒక పని ఇవ్వాలి. తప్పు జరగగానే నెట్‌కి వీపు పెట్టి తిరగాలి, రాకెట్ తీగలు వేళ్లతో సర్దుకోవాలి, ఒక పొడుగాటి ఊపిరి వదలాలి, తను ఎంచుకున్న ఒక మాట లోపల అనుకోవాలి, తిరిగి వచ్చి నిలబడాలి. ఐదారు సెకన్ల పని. మొదట ఇంట్లో ఉత్తినే చేయించండి, తర్వాత ప్రాక్టీసులో ప్రతి తప్పుకీ, ఆఖర్న మ్యాచ్‌లో. మాట వాడే ఎంచుకోవాలి. ఒక పిల్లాడు "తర్వాతది" అనుకునేవాడు, ఇంకొక పాప తన కుక్కపిల్ల పేరు అనుకునేది, రెండూ పనిచేశాయి. ఇంత నేర్పాక కూడా విసిరితే అప్పుడు కఠినంగా ఉండండి. రాకెట్ విసిరితే ఆ రోజుకి ఆట ఆగిపోతుందని ముందే చెప్పి, అరవకుండా, తిట్టకుండా అమలు చేయండి. ఏడవడానికి శిక్ష ఉండకూడదు. వస్తువు విసరడానికి ఫలితం ఉండాలి. ఈ తేడా పిల్లాడికి స్పష్టంగా తెలియాలి.

తప్పు చేసిన పిల్లాడితో కోచ్ ఎలా మాట్లాడతాడన్నది ఎంత తేడా తెస్తుందో చెప్పే అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లకి శిక్షణ ఇచ్చారు. పెద్ద విద్యేమీ కాదు. తప్పు జరిగితే ముందు ధైర్యం చెప్పు, తర్వాత ఎలా సరిచేసుకోవాలో చూపించు, ఎగతాళి చేయకు, ప్రయత్నాన్ని గుర్తించు. 1992లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మామూలు కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మంది మరుసటి సీజన్‌కి తిరిగి రాలేదు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసినవాళ్లు 5 శాతం. గెలుపోటముల్లో పెద్ద తేడా లేదు. మీ బాబు కోచ్ మంచివాడా కాదా అని తేల్చుకోవాలంటే కప్పులు లెక్కపెట్టకండి. ఒక పూట వెళ్లి దూరంగా కూర్చుని, పిల్లాడు తప్పు కొట్టిన వెంటనే కోచ్ నోటి నుంచి వచ్చే మొదటి మాట వినండి.

మీరు రాసినదాంట్లో నాకు ఆందోళన కలిగించింది ఏడుపు కాదు, నాలుగు టోర్నమెంట్లూ వరసగా మొదట్లోనే పోవడం. ఓటమి బలాన్నిస్తుందని ఓటమినే తిండిలా పెట్టకూడదు. ఎంత కష్టపడ్డా ఫలితం మారదని మనసుకి పట్టేస్తే పిల్లాడు ప్రయత్నించడమే మానేస్తాడు. నేను పాటించే లెక్క ఏమిటంటే, ఒక పిల్లాడు ఆడే ప్రతి మూడు మ్యాచ్‌ల్లో కనీసం ఒకటైనా గెలిచేలా పోటీని ఎంచుకోవాలి. అన్నీ గెలుస్తుంటే పై స్థాయికి పంపాలి. మీవాడికి ఇప్పుడు చిన్న స్థాయి పోటీలు, అకాడమీలో పిల్లలే ఆడుకునే లీగ్ మ్యాచ్‌లు కావాలి. నాకౌట్ కన్నా లీగ్ మంచిది, ఎందుకంటే ఓడినా ఆ రోజే ఇంకో మ్యాచ్ ఉంటుంది. తేరుకోవడం సాధన చేయడానికి తేరుకున్నాక ఆడే అవకాశం ఉండాలి కదా.

పుట్టిన తేదీ కూడా చూడండి. మీరు నెల రాయలేదు. వయసు విభాగం ఏ తేదీతో లెక్కిస్తారో ఆ తేదీకి కాస్త ముందు పుట్టిన పిల్లాడు, తనకన్నా దాదాపు ఏడాది పెద్దవాళ్లతో ఒకే విభాగంలో ఆడాల్సి వస్తుంది. 10 ఏళ్ల వయసులో ఏడాది అంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో కెనడా ఐస్ హాకీలో ఇదే చూపించింది. అక్కడ జనవరి ఒకటితో వయసు లెక్క, పైస్థాయి ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు చాలా ఎక్కువ. మీవాడు విభాగంలో చిన్నవాళ్లలో ఒకడైతే, ఆ సంగతి మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. ముఖ్యంగా వాళ్ల నాన్నగారికి.

ఆయన భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. మెత్తగా పెంచితే బిడ్డ నిలబడలేడేమో అన్న భయం ప్రేమలోంచే వస్తుంది. ఆయనకి నార్వే సంగతి చెప్పండి. పిల్లల ఆటల కోసం అక్కడ ప్రత్యేక నియమాలు ఉన్నాయి. పిల్లలకి 11 ఏళ్లు వచ్చే ఏడాది దాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు పెట్టరు. 13 దాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. ఆ చిన్న దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. చిన్నప్పుడు ఒత్తిడి తగ్గించినంత మాత్రాన పెద్దయ్యాక పోటీతత్వం పోదు. అమాండా విసెక్ అనే పరిశోధకురాలు ఫుట్‌బాల్ ఆడే పిల్లల్ని ఆటలో సరదా ఎక్కడుందని అడిగి 81 అంశాలు పోగుచేసి వరస పెడితే, గట్టిగా ప్రయత్నించడం, కోచ్ బాగా చూసుకోవడం లాంటివి పైన ఉన్నాయి, గెలవడం 48వది. మనం పెద్దవాళ్లం దాన్ని ఒకటో స్థానంలో పెట్టుకుని కూర్చున్నాం.

ఇంట్లో ఇంకో రెండు మాటలు ఆపండి. "గెలిస్తే అది కొనిస్తా" అన్నది ఒకటి. "నీ కోసం ఇంత ఖర్చు పెడుతున్నాం" అన్నది రెండోది. రెండో మాట విన్న పిల్లాడు కోర్టులోకి వెళ్లేటప్పుడు అప్పు భుజాన వేసుకుని వెళ్తాడు. పిల్లాడి ముందు మీ ఇద్దరూ మాన్పించాలా వద్దా అని వాదించుకోవడం కూడా ఆపాలి. తన వల్ల అమ్మానాన్న గొడవపడుతున్నారన్న బరువు ఓటమి కన్నా ఎక్కువ.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. పాఠం వేరు, గాయం వేరు. కోచ్ కొడుతున్నా, అందరి ముందు అవమానించి మాట్లాడుతున్నా, పిల్లాడిని అక్కడ గట్టిపరచాలని చూడకండి, బయటికి తీసుకొచ్చేయండి. నొప్పితో ఆడించకండి. అలసట, కండరాల నొప్పి ఆటలో ఉండేవే. కీలు దగ్గర నొప్పి, కుంటడం, రాత్రి నిద్రలేపే నొప్పి డాక్టరుకి చూపించాల్సినవి. తలకి దెబ్బ తగిలి తికమకగా ఉంటే ఆ రోజు మళ్లీ కోర్టులోకి పంపకూడదు. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఒక్కో నెల చొప్పున ఆ ఆటకి విరామం ఇవ్వాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఆ నెలల్లో ఈత కొట్టనివ్వండి, సైకిల్ తొక్కనివ్వండి, ఊరికే ఆడుకోనివ్వండి. ప్రాక్టీసు రోజునే కడుపునొప్పి వస్తోందా, నిద్ర చెడిందా, ఆటతో సంబంధం లేని విషయాల్లో కూడా రెండు వారాలకి మించి దిగులుగా ఉన్నాడా అన్నది చూడండి. అలా ఉంటే కోచ్ సలహా చాలదు, పిల్లల డాక్టరునో సైకాలజిస్టునో కలవాలి.

ఆగడం ఓటమి కాదని వాళ్ల నాన్నగారికి ఒక ఉదాహరణ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, గాల్లో ఉండగా తన శరీరం ఎక్కడుందో తనకి తెలియడం లేదని టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. చాలామంది విమర్శించారు. అదే ఒలింపిక్స్ చివర్లో బీమ్ (విన్యాసాలు చేసే సన్నటి దూలం) మీదికి తిరిగొచ్చి కాంస్యం తీసుకుంది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచింది.

ఇక "నేనింక ఆడను" అన్న మాటకి ఏం చేయాలి? ఓడిన రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకూడదని ఇంట్లో నియమం పెట్టండి. "సరే, విన్నాను. ఆదివారం మాట్లాడుకుందాం" అనండి, ఆదివారం నిజంగా మాట్లాడండి. రెండు నెలలు అని ఒక గడువు ఇద్దరూ కలిసి పెట్టుకోండి. ఆ గడువు దాకా ప్రాక్టీసుకి వెళ్లడం వాడి బాధ్యత. గడువు అయ్యాక ఆడాలా, వేరే ఆటకి మారాలా, మానేయాలా అన్నది వాడి ఇష్టం, మీరు నిజంగా ఒప్పుకోవాలి. మాటిచ్చి తప్పితే తర్వాత ఏ మాటా నమ్మడు. నా దగ్గర మానేసి వేరే ఆటలో చక్కగా స్థిరపడిన పిల్లలున్నారు. ప్రశాంతంగా ఆలోచించి మానేసినవాళ్లని చూసి నేనెప్పుడూ బాధపడలేదు.

ఈ రెండు నెలల్లో పెద్ద టోర్నమెంట్ ఏదీ వద్దు. వాళ్ల కోచ్‌ని అడిగి, నలుగురైదుగురు సమానమైన పిల్లలతో లీగ్ మ్యాచ్‌లు పెట్టించండి. తప్పు తర్వాత చేయాల్సిన ఆ ఐదు సెకన్ల పని ఈ వారమే నేర్పడం మొదలుపెట్టండి, మాట మాత్రం వాడినే ఎంచుకోనివ్వండి. మొదటి మ్యాచ్‌కి ఈసారి వాళ్ల నాన్నగారిని పంపండి. నోట్‌బుక్ ఆయన చేతికే ఇవ్వండి. ఎన్ని పాయింట్లకి తేరుకున్నాడో, ఎన్ని నిమిషాలకి నీళ్లు తాగాడో ఆయనే రాయాలి, ఇంటికొచ్చే దారిలో ఆట గురించి ఒక్క మాటా మాట్లాడకూడదు. ఆరేడు మ్యాచ్‌లయ్యాక ఆ అంకెలు ఇక్కడ రాయండి. కలిసి చూద్దాం.